తెలియకపోతే వదిలెయ్

మా ఇంట్లో ఎవరి నోటా రాని మాట ఒకటుంది. బూతు కాదు, శాపనార్థం కాదు. అవి అవసరాన్ని బట్టి వస్తూనే ఉంటాయి. రానిది "తెలీదు" అన్న మాట.

మా నాన్నకు మూడు రోడ్లు కలిసే చోట గడియారాలు బాగుచేసే కొట్టుంది. దారినపోయేవాళ్ళు ఆగి ఫలానా వీధి ఎక్కడని అడుగుతారు. ఆ వీధి పేరు నాన్న జన్మలో విని ఉండడు. అయినా కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, లేచి నిలబడి, చెయ్యి చాపి ఏదో ఒక వైపు చూపిస్తాడు. ఒకసారి పాపం ఒకాయన ఒకే మధ్యాహ్నం కొట్టు ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఆయన చూసిన చూపుకి నేనైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నాన్న మాత్రం, కొందరికి ఎంత చెప్పినా దారి బుర్రకెక్కదని జాలిపడ్డాడు. అమ్మ ఇంకో రకం. పక్కింటివాళ్ళు ఇల్లెందుకు మారుతున్నారో వాళ్ళకన్నా ముందు ఆవిడకు తెలుస్తుంది, అదీ తప్పుగా. ఇక అమ్మ తమ్ముడు, మా మావయ్య, కారు నడపడం నేర్పే స్కూలు పెట్టుకున్నాడు. ఆయన చేతిలో ఇంజను ఆగిపోతే తప్పు రోడ్డుది.

ఇలాంటి ఇంట్లో పుట్టాడు మా తమ్ముడు.

వాడికి ఐదేళ్ళప్పుడు అమ్మమ్మ మోకాలు నొక్కి "ఇక్కడేనా?" అన్నాడట. ఆవిడ అవునందట. మోకాలి నొప్పి మోకాలి దగ్గర కాక ఇంకెక్కడ ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి వాడు డాక్టరు. అసలు పేరు బడి రిజిస్టర్లో ఉండిపోయింది. "డాక్టరు స్నానం చేశాడా?", "డాక్టరు మళ్ళీ లెక్కల్లో తప్పాడు", ఇలా ఉండేవి ఇంట్లో మాటలు. వాడు ఇంటర్లోకి వచ్చేసరికి బంధువులందరూ రిపోర్టులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. డాక్టరు చదువుకుంటున్నాడు, కాసేపు కూర్చోండని అమ్మ వాళ్ళని వరండాలో వరసగా కూర్చోబెట్టేది. వాడు కాయితం తిరగేసి, నుదురు ముడిచి, ఏదో ఒకటి చెప్పేవాడు. అడిగినవాళ్ళు తృప్తిగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఒళ్ళు మండే సంగతి ఏంటంటే, ఆ రిపోర్టుల్లో సగం నేను చేసినవే. నేను పెద్దాసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. రక్తం తీసి, పరీక్ష చేసి, అంకెలు సరిచూసి, సంతకం పెట్టి పంపేది నేను. కాని ఆ అంకెల అర్థం మాత్రం ఇంకా మెడికల్ కాలేజీ గడప తొక్కని తమ్ముణ్ణే అడగాలి. ఒకసారి ఉండబట్టలేక, అది నా రిపోర్టే కదా, నన్నడగచ్చు కదా అన్నాను. నువ్వు సూది గుచ్చేదానివే కదమ్మా అంది మావయ్య భార్య, మా అత్తయ్య, ఎంతో ప్రేమగా.

మెడికల్ ప్రవేశ పరీక్ష వాడు మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ పోయింది. తెలివి లేక కాదు. ఆ మాట వాడి కోచింగ్ సెంటర్లో బయాలజీ మాస్టారు కూడా చెప్పారు. కష్టపడతాడు, జ్ఞాపకశక్తి ఉంది, ఎముకల పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వాడి జబ్బు వేరు. ఆ పరీక్షలో తప్పు సమాధానానికి మార్కు కోస్తారు. వదిలేసిన ప్రశ్నకి కొయ్యరు. మా వాడు ఒక్క ప్రశ్న కూడా వదలడు. తెలిసినవాటితో కూడబెట్టిన మార్కులన్నీ తెలియనివాటికి ధారపోసి వస్తాడు. పోయినేడాది వాడి జవాబులు ముందేసుకుని లెక్క కట్టాను. తెలియనివి వదిలేసి, గమ్మున కూర్చుని కిటికీలోంచి కాకుల్ని చూసుకుని వచ్చేసినా సీటొచ్చేది.

ఎందుకు పెట్టావురా అని తల బాదుకున్నాను.

"ఖాళీగా వదిలేస్తే బాగోదక్కా," అన్నాడు.

బాగోదట. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వకపోతే బాగోదన్నట్టు.

ఈ ఏడు నాన్న ఆఖరి మాట చెప్పేశాడు. ఇదే చివరిసారి, ఈసారి కూడా పోతే కొట్లో కూర్చోవాలి. అది వినగానే వాడి మొహంలో రక్తం లేదు. గడియారాలంటే వాడికి చిన్నప్పటినుంచీ భయం, అన్నీ ఒక్కసారి టిక్కుటిక్కుమంటుంటే తల తిరుగుతుందంటాడు. వాడికి డాక్టరు కావడం తప్ప ఇంకేదీ కావాలని లేదు. జనం పిలుస్తున్నారని కాదు, నిజంగానే. ఎవరైనా దగ్గితే వాడి చెవులు నిక్కబొడుచుకుంటాయి. నాకది తెలుసు కాబట్టే ఓపిక పట్టాను. డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వాడి ముందు కూర్చునేదాన్ని. వదలడం నేర్పడానికి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, నేను నేర్పింది అదే. జీవశాస్త్రం కాదు, రసాయనశాస్త్రం కాదు, చేతులు కట్టుకుని ఊరుకోవడం.

ప్రశ్న చదువు. తెలుసా? పెట్టు. తెలీదా? పక్కదానికి వెళ్ళు. ఇంతే. చెవినిల్లు కట్టుకుని పోరాను. వాడు బుద్ధిగా తలూపేవాడు. ఇంట్లో పెట్టిన పరీక్షలో ఒకరోజు నాలుగు ప్రశ్నలు వదిలేశాడు. నా ఆనందం చెప్పలేను, పొరుగువాళ్ళని పిలిచి చూపిద్దామనుకున్నాను. తీరా టైమైపోయిందని అనేసరికి, పెన్సిలు తీసుకుని టకటకా నాలుగూ నింపేశాడు. నాలుగూ తప్పే.

"చెయ్యి ఊరుకోలేదక్కా," అన్నాడు.

ఆ చెయ్యి విరగ్గొడదామనుకున్నాను. అమ్మ అడ్డం వచ్చి, వాడికి తెలియకపోవడమేంటే, నువ్వే ఏదో తప్పుడు పుస్తకం చూస్తున్నావ్ అంది.

పరీక్ష రోజు పొద్దున నాకు డ్యూటీ ఉంది. గుమ్మంలో వాడి చొక్కా కాలరు సరిచేస్తూ, తెలియకపోతే వదిలెయ్ అని ఆఖరిసారి చెప్పాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరే అన్నాడు. నాన్న వెంట వెళ్ళాడు. సెంటరు మా ఆసుపత్రికి ఎంతో దూరం లేదు, రెండు సిగ్నళ్ళు దాటితే వచ్చే కాలేజీ.

నేను ల్యాబులో అడుగుపెట్టి, ఆప్రాన్ వేసుకుని, ఎమర్జెన్సీ నుంచి వచ్చిన ట్యూబుల్ని స్టాండులో సర్దుతున్నాను. వాటిలో ఒకదాని మీద మావయ్య పేరుంది. వయసు ఆయనదే, ఇంటిపేరు ఆయనదే. కావలసిన పరీక్ష, గుండె దెబ్బతింటే చేసేది. ఆ ట్యూబుని పక్కమ్మాయి చేతిలో పెట్టి, ముందు ఇదే చెయ్యి అని చెప్పి పరిగెత్తాను.

ఎమర్జెన్సీలో మావయ్య మంచం మీద సగం కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, ఛాతీ మీద వైర్లు, చేతికి సెలైన్. మొహం బూడిద రంగులో ఉంది. అయినా పెత్తనం తగ్గలేదు. కర్ర పట్టుకున్నట్టు మంచం కమ్మీ పట్టుకుని, గుండె డాక్టరమ్మతో వాదిస్తున్నాడు. ఆవిడ చిన్న మనిషి, మెత్తటి గొంతు. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి మూసుకుపోయిందని, మణికట్టులోంచి సన్నటి తీగ పంపి దాన్ని తెరిచి స్టెంటు వెయ్యాలని, ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుందని అప్పటికే రెండుసార్లు చెప్పినట్టుంది. మూడోసారి కూడా అంతే ఓపికగా చెప్పింది. అంత ఓపిక దేవుడు నాకెందుకివ్వలేదో.

అంతా విని మావయ్య, మా డాక్టర్ని రానివ్వండి, వాడు చూసి సరేనంటే సంతకం పెడతాను అన్నాడు.

మీ డాక్టరెవరు, ఏ ఆసుపత్రి అని ఆవిడ అడిగింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, మా ఆడపడుచు కొడుకండీ, చిన్నప్పటినుంచీ డాక్టరే అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నా ఆప్రాన్ చూసి, నేనేమైనా అర్థమయ్యేట్టు చెబుతాననుకుంది కాబోలు. వాడు ప్రవేశ పరీక్ష రాస్తున్నాడండి, ఇవాళే, అన్నాను. ఆ మాట పైకి అనేసరికి నాకే వినసొంపుగా లేదు.

మావయ్యని బతిమాలాను. తిట్టాను. నేను ఈ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, ఈవిడ రోజూ ఇదే పని చేస్తుంది, నా మాట విను అన్నాను. అత్తయ్యని సంతకం పెట్టమంటే, మనిషి స్పృహలో ఉండి వద్దంటుంటే ఇంకొకరు పెట్టి లాభం లేదంది డాక్టరమ్మ. మావయ్య కళ్ళు మూసుకుని డాక్టర్ని పిలవమని గొణుగుతున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచక నాన్నకి ఫోన్ చేశాను.

నాన్న ఎత్తాడు. పిల్లలు లైన్లో ఉన్నారని, లోపలికి వదలబోతున్నారని చెప్పాడు. సంగతి చెప్పాను. అంతా విని, స్టెంట్లు గింట్లు వేయించద్దు, మాత్రలతో కరిగిపోతుంది, మా కొట్టు పక్కాయనకి అలాగే కరిగింది అన్నాడు. ఆ పక్కాయనకి కరిగింది మూత్రపిండంలో రాయి. నాకు అరవాలనిపించింది. ఎమర్జెన్సీ కదా అని పళ్ళు బిగించి, ఫోన్ వాడికివ్వమన్నాను.

వాడితో గబగబా చెప్పాను. నువ్వు రావద్దు. ఫోన్ మావయ్య చెవి దగ్గర పెడతాను, వేయించుకో మావయ్యా అని ఒక్క మాట చెప్పి లోపలికెళ్ళిపో. అంతే, ఇంకేం చెప్పకు.

వాడు అడిగాడు, "ఎప్పటినుంచట నొప్పి?"

నిన్న సాయంత్రం నుంచని అత్తయ్య చెప్పిందన్నాను.

"నిన్న సాయంత్రం మావయ్య ఇంటికొచ్చాడక్కా. ఛాతీలో మంటగా ఉందిరా డాక్టరూ అన్నాడు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. గ్యాస్ అన్నాను."

నిన్న సాయంత్రం నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను. ఇంటికెళ్ళాక ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పేంత విషయమని ఎవరికీ అనిపించి ఉండదు. మావయ్య అడిగాడు, డాక్టరు చెప్పాడు, అయిపోయింది.

ఫోన్లో చెప్పెయ్యరా చాలు, పరీక్ష పోతుంది అన్నాను. వాడు వస్తున్నానన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

వాడు రొప్పుకుంటూ వచ్చేసరికి మావయ్య పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తమ్ముణ్ణి చూడగానే ఆయన మొహం విచ్చుకుంది. ఆ నమ్మకం చూస్తే నాకు ఏడుపొచ్చింది, చెంపదెబ్బ కొట్టాలని కూడా అనిపించింది. ఇద్దర్నీ. అత్తయ్య పక్కకి జరిగి వాడికి చోటిచ్చింది. ఎప్పుడొచ్చిందో అమ్మ కూడా వచ్చి కర్టెన్ దగ్గర నిలబడింది. డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

"చెప్పరా డాక్టరూ," అన్నాడు మావయ్య. "వేయించుకోమంటావా?"

అందరం వాడి నోటి వంక చూస్తున్నాం. నేను వెనక నుంచి వాడి వీపు మీద వేలితో పొడిచాను, అను, అవునను అని.

"నాకు తెలీదు మావయ్యా," అన్నాడు వాడు.

అప్పుడు నాకొచ్చిన కోపం ఇంకెప్పుడూ రాలేదు. ఏడాది పొడుగునా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఒక్కసారి కూడా, ఒక్క ప్రశ్నకి కూడా ఆ మాట అనలేదు. ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నిట్లో, జవాబు గోడ మీద రాసినంత స్పష్టంగా ఉన్న ఈ ఒక్క ప్రశ్న దగ్గర వాడికి వదలడం వచ్చింది. వీడు మావయ్యని చంపేస్తున్నాడని అనుకున్నాను. అమ్మ, వాడు అలసిపోయాడు, మళ్ళీ అడగండి అంది.

వాడు మంచం పక్కన వంగాడు. మావయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్న గ్యాస్ అన్నాను. అది కూడా తెలిసి అనలేదు. ఇన్నాళ్ళూ నీకు చెప్పినవేవీ తెలిసి చెప్పలేదు. మీరు అడిగితే చెప్పకపోతే బాగోదని చెప్పాను. నేను డాక్టర్ని కాదు మావయ్యా. ఈవిడ డాక్టరు. ఈవిడకి తెలుసు."

మావయ్య వాడి వంక చూస్తూనే ఉన్నాడు. కోపమో, నొప్పో, అర్థం కాలేదు. ఇంకెవరినైనా అడుగుతాడేమో, నాన్నకి ఫోన్ చెయ్యమంటాడేమో అని భయపడ్డాను.

"గ్యాస్ కాదన్నమాట," అన్నాడు చివరికి, అలిగిన పిల్లాడిలా. పెన్ను కోసం చెయ్యి చాపాడు.

మంచాన్ని తోసుకుంటూ తీసుకెళ్ళిపోయారు. మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పరీక్ష మొదలై చాలాసేపయింది. ఒక ఏడాది చదువు, నా ఏడాది ఓపిక, అన్నీ ఆ పరీక్ష సెంటరు గేటు అవతల ఉండిపోయాయి. వాడు మావయ్య కోసం వచ్చినందుకు గర్వంగా ఉంది, ఫోన్లో తేల్చెయ్యనందుకు కసిగా ఉంది. రెండూ ఒకేసారి ఉంటే మనిషికి తలనొప్పి వస్తుంది. నాకొచ్చింది.

కాసేపటికి నాన్న వచ్చాడు, హాల్ టికెట్టు చేతిలో పట్టుకుని. ఇంతసేపూ గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదిస్తూ ఉన్నాడట. మా అబ్బాయి డాక్టరు, అర్జెంటుగా ఒక ఆపరేషన్ ఉంటే వెళ్ళాడు, చేసేసి వచ్చేస్తాడు, గేటు కొంచెం తెరిచి ఉంచమని చెప్పాడట. డాక్టరైతే ఈ పరీక్ష ఎందుకు రాస్తున్నాడని వాచ్‌మన్ అడిగాడట. ఈ కాలం వాచ్‌మన్లకి బుద్ధి లేదని నాన్న తేల్చాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అమ్మ మాత్రం సన్నగా మొదలుపెట్టింది, పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ముందు తెలీదనే అంటారు, అది వాళ్ళ పద్ధతి అని అత్తయ్యకి చెబుతోంది. నేను రెండు చేతులతో తల పట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. నాళం తెరుచుకుందని, మనిషి మాట్లాడుతున్నాడని చెప్పింది. అత్తయ్య బావురుమంది. అమ్మ వెంటనే తమ్ముడి వైపు తిరిగి, ఏమంటోందిరా, అంతా సరిగ్గానే చేసిందా అని అడిగింది.

"ఆవిణ్ణే అడుగమ్మా," అన్నాడు వాడు.

అమ్మకి ఇది కొత్త. కొంగు సర్దుకుంది, ఇటూ అటూ చూసింది. తర్వాత డాక్టరమ్మకి దగ్గరగా వెళ్ళి అడిగింది. అది నేను ఎదురుచూసిన ప్రశ్న కాదు.

"నిన్న వీడు గ్యాస్ అనకుండా ఉంటే, మా తమ్ముడికి ఇంతవరకూ వచ్చేది కాదా?"

తమ్ముడు తల వంచుకోలేదు, ఆవిణ్ణే చూస్తున్నాడు.

"నిన్నే వచ్చుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదమ్మా," అంది ఆవిడ. "కొంత కండరం పోయింది. అది మళ్ళీ రాదు."

అమ్మ ఎవరి మీదో నెడుతుందని, వెంటనే ఇంకో కారణం పుట్టిస్తుందని అనుకున్నాను. "వాణ్ణి అడిగింది మేమేనండి," అంది. మెల్లిగా వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుంది.

తమ్ముడు లేచాడు. నిన్న తనేం అడగాల్సిందని డాక్టరమ్మని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం వాణ్ణి పరీక్షగా చూసి, అక్కడే నిలబడి చెప్పింది. చెమట పట్టిందా, నడిస్తే పెరుగుతోందా, చేతికో దవడకో లాగుతోందా, ఆయాసం ఉందా. అవేవీ లేకపోయినా, ఆ వయసులో ఛాతీ నొప్పంటే గ్యాస్ అనకూడదు, ఆసుపత్రికి పంపాలి. వాడు ప్రతిదానికీ తలూపాడు.

"ఇవన్నీ నాకు తెలుసు మేడమ్," అన్నాడు. "మా అక్క పెట్టిన పరీక్షల్లో ఎన్నిసార్లు అడిగినా తప్పు పెట్టలేదు. నాలుగు జవాబులిచ్చి పెట్టమంటే నిన్న కూడా పెట్టేవాణ్ణి. మావయ్య నాలుగు జవాబులివ్వలేదు. ఊరికే మంటగా ఉందన్నాడు."

డాక్టరమ్మ నవ్వలేదు, ఓదార్చనూ లేదు. చేతికున్న తొడుగు తీసి చెత్తబుట్టలో వేసింది.

"వచ్చే ఏడు రాస్తావా?" అని అడిగింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. అమ్మ జవాబు చెప్పబోయి, నోరు తెరిచి, ఆగి, వాడి వైపు చూసింది.